మంచి నంబరు

కంట్లో శుక్లం తీయించుకుందామని వస్తే కాలేయంలో జబ్బు బయటపడింది!

విజయవాడ సూర్యారావుపేటకు ఇలాంటి కథలు కొత్తేం కాదు. వీధి పొడవునా నర్సింగ్‌హోములు, ల్యాబులు, మందుల షాపులు. చిన్న ఆపరేషన్‌కైనా ముందు రక్తపరీక్షలు చేయాల్సిందే. షుగరు, హెచ్ఐవీ, హెపటైటిస్-బి... వాటి కిందే హెపటైటిస్-సి. దాని ఎదురుగా 'పాజిటివ్' అని ఉంటే చదివినవాళ్లకు ముందు అర్థం కాదు. 'నాకెప్పుడూ పచ్చకామెర్లు రాలేదే!' అంటారు అయోమయంగా.

రాకపోవడమే ఈ వైరస్‌తో వచ్చిన చిక్కు. ఒంట్లోకి చేరిన రోజున చాలామందికి కామెర్లూ ఉండవు, జ్వరమూ ఉండదు. నూటికి ముప్పై మందిలో ఆర్నెల్లలోపే దానంతటదే పోతుంది. మిగతా డెబ్బై మందిలో కాలేయాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఏళ్ల తరబడి చప్పుడు చేయదు. వాళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి ఇరవై ఏళ్లు తిరిగేసరికి కాలేయం గట్టిపడి సిరోసిస్ వస్తుంది.

ఓ ఇద్దరి సంగతి చూద్దాం. ఇద్దరూ ఊహించుకున్న మనుషులే. కానీ వాళ్లు నడిచిన దారి మాత్రం గడిచిన ఇరవై ఏళ్లలో ఈ జబ్బున్న చాలామంది నిజంగా నడిచిందే. ఒకాయనది పామర్రు దగ్గర పల్లె. నాలుగెకరాల వరి. రెండో అతను ఆయన బావమరిది. ఆటోనగర్‌లో లారీల షెడ్డు. 2006లో బావకి కంటి ఆపరేషన్ ముందు ఈ సంగతి బయటపడింది. అదే ఏడాది బావమరిది భార్య కాన్పు కోసం రక్తమిస్తే బ్లడ్‌బ్యాంకు వాళ్లు వెనక్కి పిలిపించి చెప్పారు.

ఎలా వచ్చిందని తవ్వుకుంటే ఇద్దరికీ చెరో జ్ఞాపకం. బావగారి చిన్నప్పుడు ఊళ్లో జ్వరమొచ్చినా, నడుం నొప్పి వచ్చినా సైకిలు మీద ఆర్‌ఎంపీ వచ్చేవాడు. గాజు సిరంజి, ఒకటే సూది, కిరసనాయిలు స్టవ్వు మీద కాసిని వేడినీళ్లు. సూది వేస్తేనే వైద్యం చేసినట్టని జనమూ నమ్మేవాళ్లు. బావమరిదికి 1990ల్లో రోడ్డు ప్రమాదమై రెండు సీసాల రక్తం ఎక్కించారు. అప్పట్లో దానం చేసిన రక్తానికి హెపటైటిస్-సి పరీక్ష తప్పనిసరి కాదు. మన దేశంలో ఆ నిబంధన వచ్చింది 2000 దశకం మొదట్లోనే.

అసలు ఈ వైరస్‌కి పేరు పెట్టిందే 1989లో. అంతకుముందు పదిహేనేళ్లపాటు దాన్ని 'ఏ కాదు, బి కాదు' అనే పిలిచారు డాక్టర్లు. దాని ఆనవాలు పట్టిన హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది.

నీదెంత బావా?

పాజిటివ్ అని తేలాక ఆ రోజుల్లో మరో పరీక్ష రాసేవాళ్లు. జీనోటైప్. వైరస్ ఏ రకమో చెప్పే పరీక్ష. రక్తం దూరం ఊళ్లలోని పెద్ద ల్యాబులకు వెళ్లి, రిపోర్టు తిరిగొచ్చేసరికి రోజులు పట్టేది. ఆ కాగితం మీద చివరికి ఉండేది ఒక్క అంకె!

డెల్టా రైతుకి అంకెలతో పిలవడం కొత్త కాదు. 7029 అంటే స్వర్ణ, 5204 అంటే సాంబ మసూరి, 1010 అంటే కాటన్‌దొర సన్నాలు. అన్నీ వరే. కానీ 1010 నాలుగు నెలల్లో కోతకొస్తే 7029కి ఐదు నెలలు కావాలి. 5204కి అగ్గితెగులు భయం ఎక్కువ. ఏ నంబరో తెలియకుండా ఎరువు, నీరు, కోత లెక్కలు వేయలేరు. హెపటైటిస్-సి కూడా అంతే. ఒకే పేరు కింద ఎనిమిది రకాలు. ఒక రకానికీ మరో రకానికీ జన్యుపదార్థంలో మూడో వంతు దాకా తేడా ఉంటుంది. వాటి కింద మళ్లీ ఏ, బి అంటూ ఉపరకాలు. అన్నింటికన్నా ఆఖరున దొరికిన ఎనిమిదో రకాన్ని 2018లో కెనడాలో గుర్తించారు. అది దొరికింది పంజాబ్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవాళ్లలో.

మన దేశంలో పెత్తనం మూడో రకానిది. ఆ తర్వాత ఒకటి. ఉత్తరాది నుంచి దక్షిణాదికి వచ్చేకొద్దీ ఒకటో రకం వాటా పెరుగుతుంది.

"నీదెంత వచ్చింది బావా?"

"మూడు. నీకో?"

"ఒకటి."

"ఇంకేం రా, ఫస్టొచ్చావుగా!" అని నవ్వాడు పెద్దాయన. 

డాక్టరు నవ్వలేదు. ఆ రోజుల్లో మందంటే వారానికో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షను, రోజూ రైబావిరిన్ బిళ్లలు. మూడో రకానికి 24 వారాలు చాలు. నూటికి డెబ్బై, ఎనభై మందికి వైరస్ పోయేది. ఒకటో రకానికి 48 వారాలు. అంతా చేసినా సగం మందికి కూడా పనిచేసేది కాదు. అందుకే మూడో నంబరువాళ్లకు ఆసుపత్రుల్లో ఓ ఓదార్పు మాట ఉండేది. 'నీది మంచి నంబరు!'

ఆ మాటే పెద్దాయన కొంప ముంచింది.

చెడ్డ నంబరని భయపడ్డవాడు పరుగెత్తాడు. ఆటోనగర్ వెనకాల కొన్న స్థలం అమ్మి 48 ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. ఇంజెక్షను వేసుకున్న రాత్రల్లా జ్వరం, ఒళ్లు నొప్పులు. జుట్టు ఊడింది. రక్తం తగ్గింది. ఉత్త పుణ్యానికి ఇంట్లోవాళ్ల మీద విసుక్కునేవాడు. మనసు కుంగదీయడమూ ఆ మందు లక్షణమేనని అతని భార్యకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఏడాది కాస్త తేలిగ్గా గడిచేదేమో. ఇంతా చేస్తే మందు ఆపిన మూడు నెలలకు వైరస్ మళ్లీ కనిపించింది.

ఇది చూసిన పెద్దాయనకి భయం పట్టుకుంది. 'వాడు అంత ఖర్చు పెట్టినా పోలేదు. నాది మంచి రకమేనంట. తొందరేముంది?' అనుకున్నాడు. కూతురి పెళ్లి అన్నారు. తర్వాత కొడుకు ఇంజినీరింగ్ అన్నారు. ఎవరో చెప్తే ఆదివారం పొద్దున్నే పరగడుపున పసరు తాగొచ్చాడు. నేలఉసిరి పొడి వాడాడు. ఒంట్లో బాగానే ఉంది. దుక్కి దున్నుతున్నాడు, ఊడ్పులు చేయిస్తున్నాడు. కాలేయం జబ్బనగానే ఊళ్లోవాళ్లు తాగుడనుకుంటారు. ఆయన మందు ముట్టడు పాపం, ఆ మందూ ముట్టడు, ఈ మందూ ముట్టడు!

లోపల జరిగింది వేరు

'మంచి' అన్నది మందుకి లొంగే విషయంలో మాత్రమే. మందు వాడకుండా వదిలేస్తే మూడో రకం చేసే చెరుపు మిగతావాటికన్నా ఎక్కువ. ఈ సంగతి వైద్యలోకానికి స్పష్టమవడానికీ సమయం పట్టింది.

తిన్న కొవ్వుని సర్ది, పొట్లాలు కట్టి రక్తంలోకి పంపడం కాలేయం చేసే పనుల్లో ఒకటి. మూడో రకం వైరస్ తయారుచేసే ప్రొటీను ఆ పొట్లాలు కట్టే పనికే అడ్డుపడుతుంది. బయటికి వెళ్లాల్సిన కొవ్వు కణాల్లోనే పేరుకుపోతుంది. మిగతా రకాల్లో కాలేయానికి కొవ్వు పడితే సాధారణంగా బరువో షుగరో కారణం. మూడో రకంలో వైరసే ఆ పని చేయగలదు. వైరస్ పోతే ఆ కొవ్వూ కరుగుతుంది. కొవ్వు పేరుకున్న చోట వాపు, వాపున్న చోట మచ్చ. మచ్చలన్నీ కలిస్తే సిరోసిస్. పెద్దాయనకి షుగరు కూడా ఉంది. రెండూ తోడయ్యాయి.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల రికార్డులు తిరగేసి 2014లో ఓ పరిశోధన వచ్చింది. చిన్నదేం కాదు, 1,10,484 మంది రోగులు. ఒకటో రకం ఉన్నవాళ్లతో పోలిస్తే మూడో రకం ఉన్నవాళ్లకి సిరోసిస్ ముప్పు 31 శాతం, కాలేయ క్యాన్సర్ ముప్పు 80 శాతం ఎక్కువని తేలింది. వయసు, షుగరు, బరువు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా! సూర్యారావుపేటలో 2006లో 'మంచి నంబరు' అని విన్న మనిషికి ఈ లెక్క ఎవరు చేరవేస్తారు?

ఈలోగా మందే మారిపోయింది. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే బిళ్లకు అనుమతి వచ్చింది. ఇంజెక్షను లేదు. జ్వరాలు లేవు. ధర మాత్రం బిళ్ల వెయ్యి డాలర్లు! పన్నెండు వారాల కోర్సు 84 వేల డాలర్లు, అప్పటి లెక్కలో మన యాభై లక్షల పైమాట. ఆ మందుని కనిపెట్టిన మైకేల్ సోఫియా బృందం 2010లో ప్రచురించిన పరిశోధన పత్రం చూస్తే రచయితల్లో సుగుణ రాచకొండ, పి. గణపతి రెడ్డి అన్న పేర్లు కనిపిస్తాయి. మన పక్క వీధిలోవాళ్ల పేర్లలా లేవూ!

2014 సెప్టెంబరులో ఆ మందు హక్కులున్న గిలీడ్ కంపెనీ, చౌకగా తయారుచేసి అమ్ముకోమని భారతీయ కంపెనీలకు లైసెన్సులిచ్చింది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన హెటిరో ఉంది. 2015లో హైదరాబాద్‌దే అయిన నాట్కో చేరింది. ఆ ఏడాది నాట్కో నేపాల్‌లో విడుదల చేసిన 28 బిళ్లల సీసా ధర 19,900 రూపాయలు. అమెరికాలో ఒక్క బిళ్లకు పెట్టే డబ్బుతో ఇక్కడ దాదాపు మూడు నెలల మందు! ఇంటర్‌ఫెరాన్ రోజుల్లో స్థలాలు అమ్ముకున్నవాళ్లకు ఇది నమ్మశక్యం కాని సంగతి.

బావమరిది 2016లో ఈ కొత్త మందులు రెండు కలిపిన బిళ్ల మింగాడు. రోజుకొకటి. పన్నెండు వారాలు. పొద్దున టిఫిను తిని, బిళ్ల వేసుకుని షెడ్డుకెళ్లేవాడు. వైరస్ పోయింది. మందు ఆపేసి మూడు నెలలయ్యాక చేసిన పరీక్షలోనూ లేదు. 48 వారాల నరకంలో తేలనిది 84 బిళ్లలతో తేలిపోయింది.

అంతేకాదు... నంబర్ల తలరాత తిరగబడింది. ఒకప్పుడు మొండిదనుకున్న ఒకటో రకం కొత్త బిళ్లలకు ఇట్టే లొంగింది. మంచిదనుకున్న మూడే, సిరోసిస్ దాకా వెళ్లినవాళ్లలో మొరాయించింది. సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ కలిపి మూడో రకం రోగులకు పన్నెండు వారాలు ఇచ్చి చూసిన ఓ పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. సిరోసిస్ లేనివాళ్లలో నూటికి 96 మందికి నయమైంది. ఉన్నవాళ్లలో 63 మందికే. అదే వైరస్, అదే మందు, అన్నే రోజులు. తేడా అల్లా కాలేయం అప్పటికి ఏ స్థితిలో ఉందన్నదే.

ఆ తర్వాత వచ్చిన వెల్పటాస్‌విర్ ఈ తేడాని చాలావరకూ పూడ్చింది. దాన్ని సోఫోస్‌బువిర్‌తో కలిపి ఇస్తే మూడో రకం సిరోసిస్ రోగుల్లోనూ నూటికి 91 మందికి నయమైంది. పేచీ పూర్తిగా తీరలేదు. 3బి ఉపరకం, దానికి తోడు సిరోసిస్ ఉన్నవాళ్లలో ఈ మందుతోనూ ఫలితం తగ్గుతోందని ఆసియా దేశాల పరీక్షల్లో తేలింది. మన దేశంలో 3ఏతో పాటు 3బి కూడా కనిపించేదే.

డెంగీ అనుకున్నారు

2019 వానాకాలం. పెద్దాయనకి జ్వరం. ప్లేట్‌లెట్లు తగ్గాయి. అందరూ డెంగీ అనుకున్నారు. బొప్పాయి ఆకు రసం పట్టారు. జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు మాత్రం లక్ష దాటలేదు. నెల తర్వాతా అంతే. గుడివాడలో చూసిన కుర్ర డాక్టరు పొట్ట తడిమి, ప్లీహం పెరిగిందని గమనించి అడిగాడు. "పెదనాన్నగారూ, కాలేయానికి ఎప్పుడైనా పరీక్ష చేయించారా?"

పెద్దాయన భార్య బీరువాలోంచి పాత ఫైలు తీసింది. పదమూడేళ్లనాటి జీనోటైప్ కాగితం. మూడు.

అప్పటికే ప్రభుత్వం 2018 జులై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. అన్ని రకాల మీదా పనిచేసే మందులు కావడంతో మొదటిసారి వాడేవాళ్లకి జీనోటైప్ పరీక్షే అక్కర్లేదన్నారు. మందు వాడినా తగ్గనివాళ్లకు మాత్రం చేస్తారు. మిగతావాళ్ల విషయంలో ముందుగా చూసేది కాలేయం గట్టిపడిందా లేదా అని. దానికి మామూలు రక్తపరీక్షల్లో దొరికే ప్లేట్‌లెట్ల సంఖ్య, ఏఎస్‌టీ, వయసు కలిపి ఓ లెక్క వేస్తారు. సిరోసిస్ లేకపోతే ఒక జత మందు. ఉంటే వెల్పటాస్‌విర్ ఉన్న జత. పొట్టలో నీరు చేరేదాకా వస్తే రైబావిరిన్ కూడా.

పెద్దాయనకి రెండో రకం చీటీ రాశారు. పన్నెండు వారాల మందు. ఒక్క రూపాయి ఖర్చు లేదు, బస్సు చార్జీలు తప్ప. వైరస్ పోయింది. బావమరిది స్వీట్లు పంచాడు.

"ఇక ఫైలు అటకెక్కించొచ్చా?" అనడిగాడు పెద్దాయన.

కుదరదన్నారు. వైరస్ పోయినా మచ్చలు ఉన్నాయి. సిరోసిస్ వచ్చిన కాలేయంలో క్యాన్సర్ ముప్పు తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్ స్కానింగు బతికున్నంత కాలం తప్పదు. బావమరిది కాలేయం గట్టిపడకముందే బాగుపడింది. అతనికి ఆ బెడద లేదు. వాళ్లిద్దరి మధ్యా తేడా ఇప్పుడు ఒకటికీ మూడుకీ మధ్య కాదు, 2016కీ 2019కీ మధ్య. నిజానికి 2006కీ 2019కీ మధ్య.

నయమైన తర్వాత కూడా యాంటీబాడీ పరీక్ష జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. ఒంట్లో వైరస్ ఉందో లేదో చెప్పేది వైరల్ లోడ్ పరీక్షే. ఈ తేడా తెలియక ఎన్ని ఇళ్లలో కంగారో! గల్ఫ్ వీసా మెడికల్‌లో యాంటీబాడీ చూస్తారు. జబ్బు పోయినవాళ్లు కూడా అక్కడ చిక్కుల్లో పడతారు. ఇంకొందరి ఇళ్లలో కంచం, గ్లాసు వేరుపెడతారు. కలిసి తింటే, ముట్టుకుంటే, పక్కన కూచుంటే ఇది రాదు. రక్తం నుంచి రక్తానికే. వేరుపెట్టాల్సింది కంచాన్ని కాదు, షేవింగ్ బ్లేడుని.

'మేం హెపటైటిస్ టీకా వేయించుకున్నాంగా' అంటారు కొందరు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్ చౌకగా తెచ్చిన టీకా హెపటైటిస్-బిది. 'సి'కి ఇప్పటికీ టీకా లేదు. ఒకసారి నయమైనా మళ్లీ సోకదన్న హామీ కూడా లేదు.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. వారానికి రెండుమూడు సార్లు రక్తం యంత్రంలోకి వెళ్లొస్తుంది కాబట్టి ఆర్నెల్లకోసారి పరీక్ష చేయాలంటారు కిడ్నీ వైద్యులు. డెల్టా దాటి తిరువూరు వైపు వెళ్తే ఎ.కొండూరు తండాల్లో ఎన్నో కుటుంబాలు కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్నాయి. అక్కడి డయాలసిస్ రోగికి ఒక జబ్బు మీద మరోటి రాకుండా చూడటం చిన్న విషయం కాదు.

మన దేశంలో హెపటైటిస్-సి ఉన్నవాళ్లు 2022 నాటికి 55 లక్షల మందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో చాలామందికి తమకు ఈ జబ్బుందనే తెలియదు. రక్తపరీక్ష నిమిషాల పని. చిన్నప్పుడు ఆర్‌ఎంపీ సూదులు పొడిపించుకున్నవాళ్లు, 2000కి ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు, జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్లు మన ఇళ్లలో లేరా?

పెద్దాయన ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు విజయవాడ వస్తాడు. ఊడ్పులయ్యాక ఓసారి, సంక్రాంతి వెళ్లాక ఓసారి. పామర్రులో బస్సెక్కితే బావమరిది బెంజిసర్కిల్ దగ్గర స్కూటరుతో కాచుకుని ఉంటాడు. స్కానింగ్ గదిలోకి వెళ్లేటప్పుడు పెద్దాయన ఆ పాత ఫైలు మొత్తం పట్టుకెళ్తాడు.

"ఇదేంటి తాతగారూ?" అంది ఓసారి కౌంటర్లో అమ్మాయి, జీనోటైప్ కాగితం చూసి.

"నా నంబరమ్మా."

"ఇది అక్కర్లేదండీ. కిందటిసారి స్కాన్ ఎప్పుడు చేయించారో ఆ తేదీ చెప్పండి చాలు."

ఆయన కళ్లజోడు సర్దుకుని, ఫైలు వెనక అట్ట మీద పెన్నుతో రాసుకున్న తేదీల్లో ఆఖరిది చదివి వినిపించాడు.